ఇంటూ గుర్తు పక్కన ఒక తల్లి పేరు

నేను మేరీల్యాండ్‌కి వచ్చి పదకొండేళ్లయింది. ఐటీ ఉద్యోగం, పాప స్కూలు, శనివారం ఇండియన్ స్టోరు, ఆదివారం ఊరికి ఫోను. ఇక్కడి పాత కాగితాల జోలికి వెళ్తానని ఎన్నడూ అనుకోలేదు. మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో పాపకు స్కూల్లో బ్లాక్ హిస్టరీ నెల ప్రాజెక్టు ఇచ్చారు. దానికోసం వెతుకుతుంటే ఇక్కడి మ్యూజియాల సంస్థ స్మిత్‌సోనియన్ వాళ్ల ట్రాన్‌స్క్రిప్షన్ సెంటర్ అనే వెబ్‌సైటు కనిపించింది. పాత చేతిరాత కాగితాల ఫొటోలు అందులో ఉంటాయి. నాలాంటి వాలంటీర్లు ఇంట్లో కూర్చుని వాటిని చదివి టైప్ చేయాలి. పాప ప్రాజెక్టు వారంలో అయిపోయింది. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను.

నేను ఎంచుకున్నవి ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాలు. బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం ముగిసే ముందు, 1865 మార్చి 3న, అమెరికా కాంగ్రెస్ పెట్టిన శాఖ అది. బానిసత్వం నుంచి బయటపడ్డ వాళ్ల తిండి, కూలి ఒప్పందాలు, బడులు, తగాదాలు అన్నీ దాని నెత్తిమీదే. 1872లో మూసేశారు. ఆ ఏడేళ్లలో వచ్చిన ఉత్తరాలు, రిజిస్టర్లు, ఒప్పందాలు వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. స్కాన్ చేసిన పేజీలే పదిహేను లక్షలకు పైన.

మొదటి పేజీకి నాకు రెండు రాత్రులు పట్టింది. అప్పటి గుమస్తాల చేతిరాత చూడ్డానికి అందంగానే ఉంటుంది, చదవబోతే ఒక్క మాటా పట్టుబడదు. రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిదాన్ని ఎఫ్‌లాగా కిందికి లాగి రాస్తారు. ఈ నెలకు ఒక పొట్టి మాట, పోయిన నెలకు ఇంకో పొట్టి మాట. ప్రతి ఉత్తరం చివర 'తమ విధేయ సేవకుడు' అనేది మూడు ముక్కల్లో గిలికేస్తారు. నియమాలు మాత్రం సులువు. ఉన్నది ఉన్నట్టు కొట్టాలి. తప్పుంటే తప్పుతోనే కొట్టాలి. ఎంత చూసినా తెలియని మాట దగ్గర జంట బ్రాకెట్లు పెట్టి ప్రశ్న గుర్తు ఉంచాలి. ఒకరు కొట్టింది ఇంకొకరు సరిచూస్తారు.

నా రెండో పేజీలో 'పిల్లలు' అనే మాటకు స్పెల్లింగు తప్పుంటే చేయి ఊరుకోక దిద్దేశాను. సరిచూసినవాళ్లెవరో మళ్లీ ఆ తప్పును అక్కడ పెట్టారు. అప్పుడు కొంచెం చిన్నబుచ్చుకున్నాను. తర్వాత అర్థమైంది. ఆ మాట చెప్పిన మనిషికీ నాకూ మధ్య అప్పటికే ఒక గుమస్తా ఉన్నాడు. ఇక నేను కూడా అడ్డం పడకూడదు.

అలా నార్త్ కరోలినా కాగితాలు చేస్తుండగా అచ్చు ఫారాలు రావడం మొదలైంది. పైన పెద్ద అక్షరాలతో ఇండెంచర్ అని, కింద ఖాళీలు. పిల్ల పేరు, వయసు, ఎవరికి అప్పగిస్తున్నారు, ఎన్నేళ్లదాకా, ఏ పని నేర్పుతారు. మొదట నేను మన ఐటీఐ అప్రెంటిస్‌షిప్ లాంటిదే అనుకున్నాను. వడ్రంగో కమ్మరమో నేర్పుతారు కాబోలు అని. పని నేర్పే ఖాళీలో చూస్తే మగపిల్లలకు వ్యవసాయం, ఆడపిల్లలకు ఇంటిపని. నడక వచ్చినప్పటినుంచీ పత్తి చేలో ఉన్న పదేళ్ల పిల్లవాడికి వ్యవసాయం నేర్పడమేమిటి? పైగా ఆ నేర్పేవాడు ఎవరా అని చూస్తే, పిల్లవాడి ఇంటిపేరూ అతని ఇంటిపేరూ చాలాచోట్ల ఒకటే. అంటే నిన్నటిదాకా ఆ పిల్లవాడి యజమాని.

ఆ ఆదివారం ఫోన్లో అమ్మకు చెప్పాలని చూశాను. అప్రెంటిస్ అంటే తెలియదు, ఇండెంచర్ అంటే అసలే తెలియదు. 'బానిసత్వం పోయిందని చట్టం వచ్చినంక, తల్లిదండ్రులు సాకలేరని చెప్పి కోర్టులో కాగితం రాయించుకుని పిల్లలను పాత దొరలే ఉంచుకున్నరమ్మా, 21 ఏళ్లు వచ్చేదాంక' అన్నాను.

అమ్మ ఒక్క క్షణం ఆగి, 'అంటే జీతం పెట్టుకున్నరన్నట్టు. మీ నాయిన లెక్క' అంది.

మా నాయిన తొమ్మిదో ఏట ఒక పటేలు ఇంట్లో జీతం ఉన్నాడు. మాది నల్లగొండ జిల్లా. మా మేనత్త పెళ్లికి తెచ్చిన మూడు వందల అప్పు కింద ఆయన్ని పశులకాడ పెట్టారు. ఏడాదికి ఇన్ని వడ్లు, ఒక జత చెప్పులు, ఒక గొంగడి. కాగితం మీద మా తాత వేలిముద్ర. నాలుగేళ్ల తర్వాత మా నాయినమ్మ కాళ్ల కడియాలు అమ్మి అప్పు కట్టి కొడుకును తెచ్చుకుంది. వెట్టి చాకిరీ రద్దు చట్టం దేశంలో 1976లో వచ్చింది. అప్పటికి నాయిన టెంత్ పాసై ఉద్యోగంలో ఉన్నాడు.

రెండూ ఒకటేనని నేను అనను. మా నాయిన్ని ఎవరూ సంతలో నిలబెట్టి అమ్మలేదు. మా నాయినమ్మ పండగకు పోయి కొడుకును చూసి వచ్చేది. ఇక్కడి తల్లులు అంతకుముందు పిల్లలు అమ్ముడైపోతుంటే చూసినవాళ్లు. కానీ అమ్మ ఆ మాట అన్న తర్వాత ఆ ఫారాలు నాకు పరాయివిగా కనిపించలేదు. టైప్ చేస్తూ ముందుకు పోవడం మానేసి వాటి వెనక ఏం జరిగిందో చదవడం మొదలుపెట్టాను. నేనుండేది మేరీల్యాండ్ కాబట్టి ఇక్కడినుంచే.

మేరీల్యాండ్ యుద్ధంలో ఉత్తరం వైపే ఉండిపోయింది. అందుకే, తిరగబడ్డ దక్షిణాది రాష్ట్రాలకు మాత్రమే రాసిన 1863 నాటి అధ్యక్షుడు లింకన్ విముక్తి ప్రకటన ఈ రాష్ట్రానికి వర్తించలేదు. ఇక్కడ బానిసత్వం పోయింది 1864 నవంబరు 1న, కొత్త రాష్ట్ర రాజ్యాంగంతో. ఓటింగులో ఆ రాజ్యాంగం 375 ఓట్ల తేడాతో గట్టెక్కింది. రాష్ట్రంలో సగం మందికి ఇష్టం లేని స్వేచ్ఛ అది. పైగా చట్టాల పుస్తకంలో పాత సెక్షన్లు అలాగే ఉన్నాయి. నల్లవాళ్ల పిల్లలను తల్లిదండ్రులు సాకలేరని అనిపిస్తే ఆర్ఫన్స్ కోర్టు వాళ్లను అప్రెంటిస్‌గా అప్పగించవచ్చు. అనాథల కోర్టు అని పేరు. వీలునామాలు, మైనర్ల ఆస్తులు చూసే కోర్టు అది, ఇప్పటికీ ఉంది. అక్కడికి తెచ్చిన ఈ పిల్లల్లో ఎంతమందికో అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నారు, తలుపు బయటే నిలబడి ఉన్నారు.

టాల్బట్ కౌంటీలోని ఈస్టన్ ఊళ్లో ఆండ్రూ స్టాఫర్డ్ అనే సైనికాధికారి ఉండేవాడు. ఆ నవంబరు మొదటి రోజుల్లోనే తన పైవాళ్లకు ఆయన రాసిన సంగతి చదివాక ఆ ఫారాల్లోని వయసుల లెక్క నాకు తెగింది. పిల్లలను బళ్లకెత్తి పట్నానికి తెస్తున్నారట. తల్లిదండ్రులు రోజంతా తన ఆఫీసుకు వచ్చి మా పిల్లలను కట్టబెట్టనివ్వకండి అని మొరపెట్టుకుంటున్నారట. పన్నెండు, పద్నాలుగేళ్ల మగపిల్లలను 'మీరు సాకలేరు' అని తీసుకుపోతున్నారు, అంతకన్నా చిన్నపిల్లలను మాత్రం ఆ తల్లిదండ్రుల దగ్గరే వదిలేస్తున్నారు. పనికొచ్చే పిల్లవాడిని సాకలేని తల్లి, పనికిరాని చిన్నబిడ్డను ఎలా సాకుతుంది? ఆ ప్రశ్న అడిగే జడ్జి ఆ కోర్టులో లేడు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకొకటి. బానిసలుగా ఉన్నప్పుడు చేసుకున్న పెళ్లిళ్లకు చట్టంలో విలువ లేదు. ఇరవై ఏళ్లు కాపురం చేసినా కాగితం మీద భర్త భర్త కాడు, తండ్రి తండ్రి కాడు. పుట్టిన తేదీకి రుజువు లేదు, కాబట్టి యజమాని ఎంత చెబితే అంతే వయసు. నార్త్ కరోలినాలో 1866లో ఒక చట్టం చేశారు. భార్యాభర్తలు క్లర్కు దగ్గరకు పోయి, మేం ఫలానా రోజునుంచి కలిసి ఉంటున్నాం అని చెప్పి, 25 సెంట్లు కట్టి రాయించుకోవాలి. అలాంటి జాబితాల్లో ముప్ఫై ఏళ్లు, నలభై ఏళ్లు కలిసి ఉన్నామని చెప్పినవాళ్లు కనిపిస్తారు. పాతిక సెంట్లకు దొరికేది పెళ్లి రుజువే అనుకున్నాను మొదట. పిల్లల మీద హక్కుకు కూడా అదే ఆధారమని తర్వాత తెలిసింది.

దక్షిణాది రాష్ట్రాలు ఇంకా దాపరికం లేకుండా చేశాయి. మిసిసిపీ 1865 నవంబరులో చేసిన చట్టం ప్రకారం, కౌంటీ అధికారులు ఏటా జనవరిలోనూ జూలైలోనూ 18 ఏళ్లలోపు నల్ల అనాథల, బీద పిల్లల జాబితా పంపాలి. అప్పగించేటప్పుడు పాత యజమానికే మొదటి అవకాశం. పారిపోతే పట్టి తెచ్చుకోవచ్చు.

మేరీల్యాండ్‌లో సైన్యం కొంత అడ్డుపడింది. బాల్టిమోర్‌లో ఉన్న జనరల్ లూ వాలెస్ నవంబరు 9న ఒక ఉత్తర్వు ఇచ్చి, విడుదలైన వాళ్లందరినీ సైన్యం రక్షణ కిందకు తెచ్చాడు. బాధితులు వచ్చి చెప్పుకోవడానికి ఒక ఆఫీసు పెట్టారు. ఆ ఉత్తర్వు వచ్చిన ఐదో రోజున, 1864 నవంబరు 14న, జేన్ కాంపర్ అనే ఆమె వచ్చి ఇచ్చిన వాంగ్మూలం నేను ఎన్నిసార్లు చదివానో.

పది వాక్యాలు కూడా లేవు. నేను టాల్బట్ కౌంటీలో విలియం టౌన్‌సెండ్ బానిసను. నాకు విడుదల వచ్చిందని ఆయనకు చెప్పి, నా పిల్లలను, నా పక్కబట్టలను ఇవ్వమని అడిగాను. నువ్వు స్వేచ్ఛగా పోవచ్చు, పిల్లలు మాత్రం నాకే కట్టుబడి ఉంటారు అన్నాడు. నాకు కనపడకుండా వాళ్లను తాళం వేసి దాచాడు. తర్వాత దొంగచాటుగా పిల్లలను తీసుకుని బాల్టిమోర్ వచ్చాను. నా పక్కబట్టలు, సామాన్లు నాకు ఇప్పించండి. పిల్లలకోసం ఆయన పడవ దాకా వెంటపడ్డాడు, నేను వాళ్లను పడవలో దాచాను.

'నాకే కట్టుబడి' అనే చోట ఇంగ్లీషు వాక్యం ప్రకారం గుమస్తా 'ఆయనకు' అని రాయాల్సింది, 'నాకు' అని రాశాడు. ఈ వాంగ్మూలాన్ని తర్వాత పుస్తకంలో అచ్చు వేసినవాళ్లు ఆ తప్పును అలాగే ఉంచి పక్కన సరైన మాట ఇచ్చారు. బహుశా ఆమె యజమాని మాటను యజమాని గొంతుతోనే చెప్పి ఉంటుంది, ఈ గుమస్తా విన్నది విన్నట్టే రాసి ఉంటాడు. నేను దిద్దకూడని తప్పు అంటే ఏమిటో నాకు అక్కడ బాగా తెలిసింది.

కింద సంతకం. చదువు రానివాళ్ల సంతకం అప్పట్లో ఎలా ఉండేదంటే, గుమస్తా ముందు పేరు ఒకవైపు, ఇంటిపేరు ఇంకోవైపు రాసి మధ్యలో చోటు వదులుతాడు. ఆ చోట్లో మనిషి ఇంటూ గుర్తు పెడుతుంది. దాని పైన చిన్న అక్షరాలతో 'ఆమె' అని, కింద 'గుర్తు' అని మళ్లీ గుమస్తాయే రాస్తాడు. మన దగ్గర దస్తావేజుల మీద నిశానీ అంటామే, అదే. బ్యూరో కాగితాల్లో నేను ఇలాంటివి ఎన్నో చూశాను. కొన్నిచోట్ల గీతలు వణికి ఉంటాయి, కొన్నిచోట్ల కలాన్ని అంత గట్టిగా నొక్కడం వల్ల సిరా చిమ్మి ఉంటుంది. టైప్ చేస్తే అవన్నీ ఒకే ఇంటూ అక్షరం అయిపోతాయి. ఆ ఒక్క పనీ నాకు మనసొప్పదు.

1865 జనవరిలో బాల్టిమోర్‌లో లూసీ లీ అనే ఇంకో తల్లి అధికారులకు ఉత్తరం పంపింది. మేం స్వేచ్ఛ కోరుకున్నదే పిల్లల కోసం, వాళ్లే మా దగ్గర లేకపోతే మా బతుకు ఏం బాగుపడ్డట్టు అని ఆమె బాధ. స్వేచ్ఛ అంటే ఓటు హక్కు, భూమి, కూలి అని నేను చదువుకున్నాను. ఈ కాగితాల్లో తల్లులు అన్నిటికన్నా ముందు అడిగింది పిల్లలను. తిరిగి తిరిగి అడిగారు. సైన్యం ఆఫీసు, బ్యూరో ఆఫీసు, కోర్టు, ఎక్కడ తలుపు ఉంటే అక్కడికి.

ఆ తలుపుల్లో ఒకటి చివరికి తెరుచుకుంది. ఎలిజబెత్ టర్నర్ అనే పిల్లను, విడుదల వచ్చిన మూడో రోజే, 1864 నవంబరు 3న, టాల్బట్ కౌంటీలో ఫైలమన్ హాంబుల్టన్ అనే పాత యజమానికి అప్రెంటిస్‌గా కట్టబెట్టారు. దాదాపు మూడేళ్ల తర్వాత ఆమె పేరు మీద, నిర్బంధం నుంచి విడిపించమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ పడింది. 1867 అక్టోబరులో బాల్టిమోర్‌లో దాన్ని విన్నది అమెరికా చీఫ్ జస్టిస్ సాల్మన్ చేజ్. ఆయన ఆ కాగితాన్ని తెల్ల పిల్లల అప్రెంటిస్ కాగితం పక్కన పెట్టి చూశాడు. తెల్ల పిల్లకైతే యజమాని చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలి. ఈ పిల్లకు అక్కర్లేదు. తెల్ల పిల్లను ఇంకొకరికి బదిలీ చేయకూడదు. ఈ పిల్లను అదే కౌంటీలో ఎవరికైనా ఇచ్చేయవచ్చు. పైగా ఈ పిల్ల మీద యజమానికి ఉన్న అధికారాన్ని చట్టం ఆస్తి అనే మాటతోనే చెప్పింది. అప్రెంటిస్ అని పేరు పెట్టినా ఇది ఇష్టం లేని చాకిరీయే, బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణకు విరుద్ధం, 1866 పౌరహక్కుల చట్టానికీ విరుద్ధం అని ఆమెను విడిపించాడు. అదే ఏడాది నార్త్ కరోలినా సుప్రీంకోర్టు కూడా, ఆంబ్రోజ్ ఇంటిపేరున్న ఇద్దరు ఆడపిల్లల కేసులో, నోటీసు ఇవ్వకుండా పిల్లలను కట్టబెట్టడం చెల్లదని తీర్పు ఇచ్చింది. తీర్పులు వచ్చినంత మాత్రాన పిల్లలందరూ మర్నాడు ఇళ్లకు చేరలేదు. ఒక్కొక్క పిల్లకోసం ఒక్కొక్క ఇంటివాళ్లు మళ్లీ తిరగాల్సి వచ్చింది.

పోయిన వేసవిలో ఈస్టన్ వెళ్లి వచ్చాం. అన్నాపోలిస్ దాటాక చెసపీక్ అఖాతం మీద కట్టిన బే బ్రిడ్జ్ నాలుగు మైళ్లకు పైన ఉంటుంది. జేన్ కాంపర్ పిల్లలను పడవలో దాచుకుని దాటింది ఈ నీళ్లే. టాల్బట్ కౌంటీ కోర్టు భవనం 1794 నాటిది. ముందు ఫ్రెడరిక్ డగ్లస్ విగ్రహం ఉంది, 2011లో పెట్టారు. బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీద పోరాడిన ఆయన పుట్టింది ఈ కౌంటీలోనే. పసితనంలోనే తల్లి దగ్గర్నుంచి వేరు చేశారు. బానిసత్వం నిలవాలని పోరాడిన కాన్ఫెడరేట్ సైనికుల విగ్రహం ఒకటి కూడా అదే ఆవరణలో చాలాకాలం ఉండేది, 2022 మార్చిలో తీసేశారు. పాప మెట్లమీద కూర్చుని ఐస్‌క్రీమ్ తింటోంది. దానికి పన్నెండేళ్లు. స్టాఫర్డ్ రాసిన వయసు. నేను వెళ్లి దాని పక్కన కూర్చున్నాను, ఏమీ చెప్పలేకపోయాను.

తర్వాత ఒక రోజు సెలవు పెట్టి అన్నాపోలిస్‌లో స్టేట్ ఆర్కైవ్స్‌కి వెళ్లాను. బ్యాగు లాకర్లో పెట్టి, పెన్ను వదిలేసి పెన్సిలు, నోటుబుక్కు మాత్రమే తీసుకెళ్లాలి. రీడింగ్ రూమ్‌లో టెన్షన్‌గా కూర్చున్నాను, తప్పు కాగితం ముట్టుకుంటానేమో అని. అక్కడి ఆవిడ ఓపిగ్గా సూచికలు ఎలా వెతకాలో చూపించింది. ఆర్ఫన్స్ కోర్టు రికార్డుల్లో ఎంట్రీ వెంట ఎంట్రీ, ఒకే మాదిరి వాక్యాలు, పేరూ వయసూ మాత్రమే మారతాయి. అంత పని జరిగిన పుస్తకంలో తల్లి ఏమన్నదో రాయడానికి గడే లేదు. తల్లుల మాట ఉన్నది బ్యూరో ఉత్తరాల్లో, సైన్యం తీసుకున్న వాంగ్మూలాల్లో. అందుకే నేను టైపింగు ఆపలేదు. రాత్రి వంట అయ్యాక అరగంట, ఒక్కోసారి ఒక పేజీ, ఒక్కోసారి నాలుగు లైన్లు.

కిందటి నెల నాయినకు ఫోన్ చేసి జేన్ కాంపర్ కాగితం చదివి వినిపించాను. ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెప్పాను. ఆయన మధ్యలో మాట్లాడలేదు. పక్కబట్టల దగ్గరకు వచ్చేసరికి ఆపమన్నాడు.

'పక్కబట్టలు అడిగిందా ఆమె?'

'అవు నాయిన. పిల్లలను తెచ్చుకున్నంక కూడా అడిగింది.'

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. 'మా అమ్మ నన్ను తోలుకొచ్చిన నాడు నా గొంగడి పటేలు ఇంట్ల ఉండిపోయింది. తెల్లారి మళ్ల పోయింది దానికోసం. నాలుగేండ్లు పనిచేసిండు నా కొడుకు, ఆ గొంగడి వానిది అని వాకిట్ల నిలబడ్డదట.'

ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. అమ్మకు కూడా తెలియదట.

'కింద సంతకం ఉందా?' అని అడిగాడు.

'నిశానీ ఉంది నాయిన.'

'ఇంకోసారి చదువు బిడ్డా' అన్నాడు. మళ్లీ మొదటినుంచి చదివాను.